కనుమ నాడు ఎవరికి దండం పెట్టాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతి అయిపోయింది, ఊళ్ళకెళ్ళిన వాళ్ళంతా హైదరాబాద్ చేరిపోయారు, ఇప్పుడు పండగ గురించి ఈ ఉత్తరమేంటి అనుకుంటారేమో. పండగకు ముందు రాయడానికి నా దగ్గర ఏమీ లేదండీ. తెలిసిన ఆ కాస్తా వెళ్ళొచ్చాకే తెలిసింది.

మా అబ్బాయి నాలుగో తరగతి. సెలవులిచ్చేటప్పుడు స్కూలు వాళ్ళు ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టి పంపారు, అట్ట మీద గ్రాటిట్యూడ్ జర్నల్ అని బంగారు రంగు అక్షరాలు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు, తను ఎవరెవరికి కృతజ్ఞతగా ఉండాలో మూడు పేర్లు రాయాలట. మొదటి రోజు అమ్మ, నాన్న, దేవుడు. రెండో రోజు ట్యాబు, వైఫై, పిజ్జా. మూడో రోజు పెన్సిలు నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, "అమ్మా, ఇంకెవరున్నారు?" అనడిగాడు.

నాకు కోపం రాలేదు. వాడికి ఇంకెవరూ కనపడరు మరి. పాలు ప్యాకెట్లో వస్తాయి, కూరలు యాప్‌లో వస్తాయి, తెచ్చినబ్బాయి తలుపు దగ్గర పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోతాడు, మనం తలుపు తీసేసరికి లిఫ్టు కిందికి పోతూ ఉంటుంది. మొహం కూడా చూడని మనిషిని తలచుకోమంటే పిల్లాడు ఎక్కడని తలచుకుంటాడు?

ఇంకోటి చెప్పాలి. మన ఇళ్ళల్లో థాంక్స్‌కి తెలుగు మాటే లేదు. ధన్యవాదాలు అనేది స్టేజీ మీద మైకు పట్టుకున్నప్పుడు వాడే మాట, అన్నం పెట్టిన అమ్మతో ఎవరైనా ధన్యవాదాలు అంటే జ్వరమొచ్చిందేమో అని నుదురు పట్టుకుని చూస్తుంది. మా అమ్మమ్మ ఎవరైనా చిన్న సాయం చేస్తే "నీ కడుపు చల్లగుండ" అనేది. పెద్ద సాయమైతే ఏమీ అనేది కాదు, మర్నాడు వాళ్ళింటికి గిన్నెతో ఏదో ఒకటి వెళ్ళేది. ఋణం అనే మాట మాత్రం పొద్దున లేచింది మొదలు వినపడేది: వాళ్ళ ఋణం ఉంచుకోకూడదు, ఉప్పు తిన్న ఇల్లు, మేలు మరిస్తే పాపం, ఇలా. అంటే మనవాళ్ళకి కృతజ్ఞత నోటితో చెప్పేది కాదు, చేత్తో తీర్చేది. ఇది నా సిద్ధాంతం, తెలుగు పండితులెవరైనా తప్పంటే ఒప్పుకుంటాను.

సరే, ఊరు. మాది రేపల్లె వైపు పల్లె. పండగ ముందు రోజుల్లో విజయవాడ హైవే ఎలా ఉంటుందో మీ పేపరే ఏటా ఫోటో వేస్తుంది, పంతంగి టోల్ దగ్గర కార్ల వరసలు. ఆ వరసలో మేమూ ఉన్నాం. గంటన్నర కదలకపోయేసరికి వెనక సీట్లోంచి ప్రశ్న: "అసలు ఎందుకెళ్తున్నాం?" పుస్తకంలో ఉన్న మాటే చెప్పాను, పంట ఇంటికొచ్చే పండగ నాన్నా అని. "మనకి పంటెక్కడుంది?" అన్నాడు. ఆరేళ్ళ చెల్లెలు వెంటనే, "బాల్కనీలో తులసి ఉందిగా" అంది. నవ్వేశాం గానీ, ఆ ప్రశ్న టోల్‌గేటు దాటినా నన్ను వదల్లేదు.

ఎందుకంటే మాకు పంట ఉంది. మా నాన్నకు రెండెకరాలుంది, పదేళ్ళ నుంచీ కౌలుకిచ్చాడు. ఏటా ముప్పై బస్తాలు కౌలు. అందులోంచి ఆడించిన బియ్యం రెండు మూడు బస్తాలు మా కారు డిక్కీలో హైదరాబాద్ వస్తాయి. మా పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ తింటున్నది ఆ బియ్యమే. పండించే మనిషి పేరు వాళ్ళకు తెలీదు. నిజం చెప్పాలంటే, ఆయన పేరు నాకు తెలుసు గానీ ఆయన పిల్లలు ఏం చదువుతున్నారో నాకూ తెలీదు.

భోగి మంట, పిడకల దండలు, పిల్ల తల మీద రేగుపళ్ళు, చిల్లర పోయడం, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తాను. ముగ్గులో గొబ్బెమ్మలు పెట్టేటప్పుడు మాత్రం మా చిన్నది ఒక చేత్తో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో గుమ్మడి పువ్వు గుచ్చుతూ, "ఈ పేడ ఏ షాపులో కొన్నారు?" అంది. కొనలేదు, ధనుర్మాసం నెలంతా పొద్దున్నే కౌలు చేసే అతని భార్య తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్తోందట. మా దొడ్లో పశువు లేక చాలా ఏళ్ళయింది, గొడ్ల చావిట్లో ఇప్పుడు నాన్న స్కూటరు, రెండు విరిగిన కుర్చీలు ఉంటాయి.

పెద్ద పండగ నాడు పెద్దలకు పెట్టుకుంటాం కదా. మా తాతయ్య, నాన్నమ్మల ఫోటోల ముందు కొత్త బట్టలు, గుమ్మడికాయ, పొంగలి పెట్టి నాన్న దండం పెట్టమంటే మావాడు పెట్టాడు, పెట్టి, "ఈ తాత ఏం చేశాడు?" అన్నాడు. ఏం చేశాడంటే ఏం చెప్తాం, బతికాడు, పిల్లల్ని పెంచాడు. కానీ మా నాన్న లోపలికెళ్ళి గోడ మేకుకున్న మువ్వల పట్టెడ తెచ్చాడు. ఎద్దు మెడకు కట్టేది, తోలు ఎండి చెక్కలా అయిపోయింది, పన్నెండు మువ్వలకి ఏడు మిగిలాయి.

1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. వేలమంది పోయిన రాత్రి అది. కృష్ణకు ఇవతల ఒడ్డున మా వైపూ గట్టి దెబ్బే, మా ఇంట్లో మనుషులు మిగిలారు గానీ ఎడ్ల జత పోయింది. ఊళ్ళో ఎవరి చావిట్లోనూ పశువు లేదట. నాలుగు నెలలయ్యాక మెరక ఊరి నుంచి ఒకాయన, మా తాతకి సంతలో ముఖపరిచయం అంతే, తన ఎడ్ల జతను తోలుకొచ్చి ఒక ఏరువాక వరకు ఉంచుకోమని వదిలి వెళ్ళాడు. అద్దె అడగలేదు. ఆ పంటకాలం అయ్యాక తాత ఎడ్లను కడిగి, పసుపు రాసి తిరిగి అప్పజెప్పడానికి వెళ్తే, ఆయన ఒక ఎద్దు మెడలోంచి ఈ పట్టెడ తీసి, "మీ కొత్త జతకి కట్టుకో" అని ఇచ్చాడు. తాత బతికున్నంత కాలం ప్రతి సంక్రాంతికి ఆ ఊరికి ఒక గుమ్మడికాయ, బెల్లం పంపాడట. ఈ కథ నాకూ పూర్తిగా తెలీదండీ, నలభై దాటాక, నా కొడుకు అడిగితే విన్నాను. మావాడు ఆ మువ్వల్ని ఒక్కొక్కటే వేలితో కదిపి చూశాడు. ఏడింటిలో అయిదు మోగుతున్నాయి.

మర్నాడు కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు, కనుమ నాడు మినుము తినాలంటారు, ఈ రెండూ మనవాళ్ళు బాగానే పాటిస్తారు, గారెల విషయంలో ఎవరికీ మతిమరుపు ఉండదు. కానీ కనుమ ఎందుకొచ్చిందో గారెల వాసనలో కొట్టుకుపోయింది. ఏడాదంతా అరక లాగిన ఎద్దుకి ఆ ఒక్క రోజు కాడి మెడ మీద పెట్టరు, కడిగి, కొమ్ములకు రంగేసి, దండ వేసి, మనం తినే ముందు దానికి పెడతారు. చిత్తూరు వైపు అడవి చెక్కలూ మూలికలూ ఉప్పుతో దంచి ఉప్పుచెక్క అని పశువులకు మింగిస్తారు, అంటే దండతో పాటు మందు కూడా. ఆదిలాబాద్ వైపు ఈ పని సంక్రాంతికి కాదు, శ్రావణంలో పొలాల అమావాస్యకు చేస్తారు. తమిళులకి మాట్టు పొంగల్. పేర్లు వేరు గానీ లెక్క ఒకటే, ఎవరి కష్టం తిన్నామో ముందు వాళ్ళ కడుపు చూడాలి.

ఇప్పుడు ఆ ఎద్దే లేదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద ఆవు జాతి మగ పశువులు 6 కోట్ల 79 లక్షలుంటే, 2019కి 4 కోట్ల 74 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్ళలో రెండు కోట్లు! దున్నడానికి ట్రాక్టరు, కొయ్యడానికి కోత మిషను. మంచిదే, ఎద్దుకీ మనిషికీ నడుం నొప్పి తగ్గింది, నేనేం పాత రోజులు రావాలని ఏడవను. మరి కనుమ నాడు పిల్లాడికి ఏం చూపించాలి? చాలామంది కోడిపందేల బరి చూపిస్తున్నారు. మా ఊరి పక్కన బరిలో ఎల్‌ఈడీ తెర, పార్కింగు, బిర్యానీ స్టాళ్ళు, భుజాల మీద పిల్లలు. సంప్రదాయం అంటున్నారు. పశువుకు దండం పెట్టాల్సిన రోజున కోడి కాలికి కత్తి కట్టడం ఏం సంప్రదాయమో నాకు అర్థం కాదు, దీని మీద మీకు ఇప్పటికే బోలెడు ఉత్తరాలు వచ్చి ఉంటాయి, వదిలేద్దాం.

మా నాన్న పొద్దున్నే పిల్లలిద్దర్నీ లేపి, పట్టెడ చేతికిచ్చి, కౌలు చేసే అతని ఇంటికి తీసుకెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. రెండు గేదెలు, ఒక పెయ్య. వాటిని కాలవలోకి దింపి వరిగడ్డి చుట్టతో రుద్దుతున్నారు. మావాడు గట్టు మీదే నిలబడ్డాడు, చెప్పులు కూడా విప్పలేదు. వాళ్ళమ్మాయి, మావాడి ఈడుదే, నీళ్ళలోంచి "మెడ కింద గోకు, ఏం అనదు" అని అరిచింది. వీడు దిగాడు. గోకాడు. గేదె కళ్ళు సగం మూసి మెడ ఇంకా ముందుకు చాచింది. అంతే, తర్వాత గంటసేపు వీణ్ణి బయటికి తీయలేకపోయాం. తోక విసిరితే మొహం నిండా కాలవ నీళ్ళు, గేదె కూడా నవ్వుతోందమ్మా అంటాడు. పెయ్య మెడకు పట్టెడ కడదామంటే తోలు వంగలేదు, విరిగిపోయేలా ఉంది, ఆ అమ్మాయి తన జడ రిబ్బను విప్పి మువ్వల్ని దానికి గుచ్చి కట్టింది. అయిదు మువ్వలూ మోగాయి.

ఆ ఇంటి చూరుకు వరి కుచ్చు వేలాడుతోంది, పిచ్చుకల కోసం. కోత మిషను వస్తే గడ్డి నలిగిపోతుంది కదా, కుచ్చు అల్లడానికి పనికిరాదు, అందుకని మిషను రాకముందే గట్టు పక్కన నాలుగు పిడికిళ్ళు కొడవలితో కోసి దాచాడట. మా రెండెకరాల్లో పండిన వరి. మా ఇంటికి మాత్రం మేం సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ తోరణం కొన్నాం.

గారెలు, నాటుకోడి పులుసు పెట్టారు. తింటూ ఉండగా మావాడు అడిగాడు, "మామయ్యా, మేం తినే రైస్ నువ్వే చేస్తావా?" ఆయన నవ్వి, "మీ అమ్మమ్మ వండుద్ది, నేను పండిత్తా" అన్నాడు. తర్వాత వాడు అడిగినదానికి ఎవరూ నవ్వలేదు. "మరి రెయిన్ వస్తే?"

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుందా. కోసిన పనలు చేలోనే నీళ్ళలో తేలాయి, గింజ మొలకెత్తింది. ఆయన ఆ సంగతి వీడికి మామూలుగా, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా చెప్తున్నాడు. నాకు గారె గొంతు దిగలేదు. ఎందుకంటే ఆ ఏడు కూడా మాకు ముప్పై బస్తాల కౌలూ వచ్చింది. ఒక్క బస్తా తగ్గలేదు. ఆయన తగ్గించమని అడగలేదు, మేం తగ్గిస్తామని అనలేదు, ఆ ఏడు కూడా కారు డిక్కీలో బియ్యం వచ్చాయి, మంచి బియ్యం, అంటే ఆయన ఎక్కడో కొని ఇచ్చి ఉంటాడు. తుపాను సాయం ఏమైనా వచ్చిందా తమ్ముడూ అని ఇప్పుడు, ఇన్నాళ్ళకు అడిగాను. "కార్డు లేదుగా అక్కా" అన్నాడు.

చాలామందికి ఈ కార్డు సంగతి తెలీదు కాబట్టి రెండు ముక్కలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. భూమి ఉన్న మనిషి, సాగు చేసే మనిషి పదకొండు నెలల ఒప్పందం మీద సంతకాలు పెడితే సాగుదారుకు కార్డు ఇస్తారు, దాంతో పంట రుణం, నష్టపరిహారం, బీమా అడగొచ్చు. భూమి మీద హక్కు ఎక్కడికీ పోదు, ఒప్పందం పంట వరకే. అయినా మనలాంటి వాళ్ళు సంతకం పెట్టం, ఎక్కడ పొలం చేజారుతుందోనని భయం. మా నాన్న కూడా పెట్టలేదు. చెడ్డవాడు కాదండీ. ఉప్పెన తర్వాత ఎడ్లిచ్చిన మనిషి పేరు ఇప్పటికీ దండం పెట్టి చెప్పే మనిషి. కానీ పెట్టలేదు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పాలేరు తాత ఉండేవాడు. కనుమ నాడు ఎడ్లను కడిగి, రంగులేసి, అలంకరించేది ఆయనే. మా నాన్నమ్మ ఎడ్లకు హారతిచ్చి, ఆయనకు కొత్త పంచె పెట్టేది. తర్వాత ఎడ్లు చావిట్లో తినేవి, మేం ఇంట్లో తినేవాళ్ళం, ఆయన బయట అరుగు మీద ఆకేసుకుని తినేవాడు. అప్పుడు నాకేం అనిపించలేదు. పిల్లలకు ఏం చూపిస్తే అదే సరైనదనిపిస్తుంది, అదే నా భయం. మనం పశువుకు కుంకుమ పెట్టి మనిషిని గడప బయట ఉంచితే వాళ్ళు నేర్చుకునేది కుంకుమ కాదు, గడప.

అందుకే నాకు ఆ బంగారు అక్షరాల పుస్తకం మీద పెద్దగా నమ్మకం లేదు. రాయించొద్దని కాదు. ముందు పిల్లాణ్ణి ఆ మనిషి ఇంటికి తీసుకెళ్ళాలి, చెప్పులు విప్పి కాలవలో దిగనివ్వాలి, ఏదో ఒక పని చేయించాలి, వాడు అడిగే ఇబ్బంది ప్రశ్నలకు "నోర్ముయ్, పెద్దవాళ్ళ మాటల్లో దూరకు" అనకుండా ఉండాలి. చివరిది కష్టం. నేను సగంలో ఒకసారి అనబోయాను కూడా.

ఊరు లేని వాళ్ళు, సెలవు దొరకని వాళ్ళు ఏం చెయ్యాలి అని మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒకావిడ అడిగింది. నాకు తెలిసింది ఒకటే చెప్పాను: మా వాచ్‌మన్ పాప మా పాపకన్నా ఒక ఏడాది చిన్నది, నాలుగేళ్ళుగా మా లాబీలో భోగిపళ్ళ పేరంటం జరుగుతోంది, ఆ పాప కింద పడ్డ చిల్లర ఏరుకుంటుందే తప్ప పీట మీద ఎప్పుడూ కూర్చోలేదు. వచ్చే ఏడు కూర్చోబెడదాం. పాత బట్టలు మూటకట్టి ఇవ్వడం, దాన్ని పండగ మామూలు అనుకోవడం ఆపేద్దాం, అది అల్మారా ఖాళీ చేసుకోవడం. గ్రూపులో పదకొండు బొటనవేళ్ళు వచ్చాయి, మాట ఒక్కటీ రాలేదు.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లికి ఫోన్లో ఇదంతా చెప్తే, వాళ్ళ పిల్లలకు నవంబరులో నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ బాగా తెలుసట, బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్తారట, కనుమ గురించి చెప్తే "కౌ థాంక్స్ గివింగా?" అన్నారట. తప్పేం లేదు. వచ్చే ఏడు పండగకు వస్తే ఆ పిల్లల్నీ కాలవలో దింపుతానని చెప్పాను.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేదొకటుంది. పండగకు మీరు నాలుగు పేజీలు వేస్తారు, ముగ్గులు, సినిమాలు, పిండివంటలు, బరుల ఫోటోలు. వచ్చే ఏడు అందులో ఒక్క పేజీ కౌలు రైతులకు ఇవ్వండి. పొలం ఊళ్ళో ఉండి తాము ఊళ్ళో లేని నాలాంటి వాళ్ళు మీ పాఠకుల్లో చాలామంది ఉంటారు, ఆ సాగుదారు కార్డుకు ఎక్కడ, ఎప్పుడు, ఏం కాగితాలతో వెళ్ళాలో వాళ్ళకు అర్థమయ్యేలా వెయ్యండి. పండగ సెలవు వల్ల కనుమ నాడు మీ పేపరు ఎలాగూ రాదు కాబట్టి భోగి నాడే వెయ్యండి. పేపరు రాకపోవడం గురించి మావాడే చెప్పాడు, ఊళ్ళో అరుగు మీద తాతయ్య పేపరు కోసం వెతుక్కుంటుంటే: "పేపరన్నకి కూడా కనుమ, తాతయ్యా." హైదరాబాద్‌లో మా ఇంటికి పేపరేసే అబ్బాయిని వాడు ఇంతవరకు చూడలేదు, పొద్దున్నే అయిదుకి లేస్తే చూపిస్తానన్నాను, అలారం పెట్టుకున్నాడు, ఇంకా ఒక్కసారీ లేవలేదు.

మా నాన్న సంగతి. వచ్చే పంటకు సంతకం పెడతానన్నాడు. మాట అయితే ఇచ్చాడు, పిల్లాడి ముందే ఇచ్చాడు, నేను ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తున్నాను, "ఊఁ ఊఁ" అంటున్నాడు. తుపాను ఏడాది కౌలు గురించి ఇంకా మాట్లాడలేదు. అది నేనూ మా ఆయనా కలిసి మాట్లాడాలి, ఆ బియ్యం తిన్నది మేమే కాబట్టి.

కనుమ నాటి రాత్రి మావాడు పుస్తకంలో మూడు పేర్లు తెలుగులో రాసుకున్నాడు: మామయ్య, మామయ్య వాళ్ళమ్మాయి, పెయ్య. పెయ్య పక్కన చిన్న మువ్వ బొమ్మ కూడా వేశాడు. సెలవులయ్యాక స్కూల్లో చూపిస్తే, కింద ఎర్ర సిరాతో, ఇంగ్లీషులో పూర్తి వాక్యాలు రాయాలి అని వచ్చింది. వాడు నా దగ్గరికొచ్చి పెయ్యను ఇంగ్లీషులో ఏమంటారని అడిగాడు. కాఫ్ అన్నాను. "కాదు, అది దూడ. పెయ్యని ఏమంటారు?" అన్నాడు. మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మియాపూర్, హైదరాబాద్